ఎల్ల దాటని లెక్కల సారు

శివరంజని ఆ రోజు నాలుగున్నరకే లేచింది, అయితే చదువుకోవడానికి కాదు. ఐదింటికి కోవిల్‌పట్టి నుంచి బడి వ్యాను వచ్చేలోపల ముత్తాలమ్మ గుడిలో కాప్పు కట్టించుకోవాలని ముందే తీర్మానించుకుంది. మణికట్టుకు ఆ పసుపు తాడు పడిందంటే జాతర ముగిసే ఎనిమిది రోజులూ ఊరి ఎల్ల దాటకూడదు. ఎల్ల దాటకపోతే తెల్లవారుజామున స్పెషల్ క్లాసు లేదు, రాత్రి ఎనిమిది దాకా ట్యూషనూ లేదు. పదో తరగతికి వచ్చాక ఆ పిల్ల అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోతోంది. నిరుడు ఖోఖోలో జిల్లా పోటీల దాకా వెళ్లిన కాళ్లు ఇప్పుడు వ్యాను మెట్టెక్కితేనే వణుకుతున్నాయి. శుక్రవారం ఒక్క ఆటల పీరియడ్ ఉండేది. దాన్ని లెక్కల సారు వసంతకుమార్ పరీక్షల పేరుతో మింగేశాడు. తిరిగి ఇవ్వమని రెండుసార్లు అడిగి తిట్లు తింది. ఇక అడగదలుచుకోలేదు.

"ఏమే, బడి ఎగ్గొట్టేదానికా అమ్మవారు?" అంది అవ్వ చిన్నతాయి.

"అవునవ్వా. అమ్మవారికి తెలిస్తే తెలియనీ."

అవ్వ కోప్పడబోయి, మనవరాలి కళ్ల కింద నలుపు చూసి ఊరుకుంది. "పద, నేనూ వస్తా."

వ్యాను వచ్చేసరికి ఊళ్లోని మిగతా పదకొండు మంది బడి పిల్లలూ ఆమెను చూసి గుడి ముందు వరస కట్టారు. గడప గడపకూ వేపాకు, చేతులకు పసుపు తాళ్లు, ఒక్కరూ ఎక్కకపోవడం చూసి, ఊరంతా ఆటలమ్మ పోసిందనుకున్నాడు డ్రైవరు. అద్దాలు మూసుకుని వెనక్కి తిప్పి, బడిలో అదే చెప్పాడు. వసంతకుమార్ నమ్మలేదు. పన్నెండు మందికీ ఒకేరోజు అమ్మవారు పోయడం లెక్కకు కుదరదని బండేసుకుని వచ్చి, గుడి ముందు దిగి, పిల్లల్ని లెక్కపెట్టడానికి చేయి చాచాడు.

చాచిన చేతికి కాప్పు కట్టడమే పూజారి పేచ్చిముత్తుకు తెలిసిన పని, పైగా కళ్లలో పొర. మూడు ముళ్లు వేసి కుంకుమ పెట్టేదాకా ఆయన ఆగలేదు.

"సామీ, నేను సారుని. విరుదునగర్‌లో మా ఇంటికి పోవాల," అన్నాడు వసంతకుమార్. బడిలో అరవం తప్ప పలకని ఆయన నోట తమలాగే ఇంటి తెలుగు వినడం పిల్లలకు అదే మొదలు.

"ఎవురైతే ఏంది? ముడి పడిపోయింది. ఎనిమిదో దినం దాకా ఎల్ల దాటకూడదు," అన్నాడు పూజారి.

సారు కాసేపు తాడు వంక చూసి నవ్వాడు. "సరి. అట్లయితే క్లాసు ఈడనే. రేపు నాలుగున్నరకి అందరూ మండపానికి రావాల."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పదకొండు మందీ శివరంజనిని కొరకొర చూశారు. ఆమె మాత్రం తల దించలేదు.

"వస్తాం సారు. అయితే కాప్పు కట్టినోళ్లు మూడు సుట్లు ఊరు తిరగాల, సెప్పుల్లేకుండా. మీరు గూడా."

"రెండు పూట్లా తిరగాల. సాయంత్రం సప్పట్లు కొడతా కుమ్మి గూడా ఆడాల," అంది చిన్నతాయి, ఎవరూ అడక్కుండానే.

మొదటి రోజు రెండో చుట్టుకే సారుకు తలప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు బోర్డు మీద సమీకరణం సగం రాసి దానికే ఆనుకుని నిద్రపోయాడు. పిల్లలు లేపలేదు. ఆయన చాక్‌పీసులతోనే సిమెంటు కళ్లంలో ఖోఖో గీతలు గీసుకున్నారు. అరుపులకు మెలకువ వచ్చి తిట్టడానికి వెళ్లిన సారు, వరసలో ఒకరు తక్కువయ్యారంటే తానే కూర్చున్నాడు. ఆ రాత్రి, ఏళ్లుగా వేసుకునే నిద్రమాత్ర సంగతే మరిచిపోయి నిద్రపోయాడు.

ఎనిమిదో రోజు పూజారి తాడు తెంచుతుండగా హెడ్మాస్టరమ్మ ఫోను చేసింది. పిల్లల్ని తీసుకొస్తానని వెళ్లి అక్కడే ఉండిపోయిన మనిషి మీద ఆమె అప్పటికే మండిపడుతోంది. రేపు శుక్రవారం ఆటల పీరియడ్‌లో పరీక్ష పెట్టమంది. వసంతకుమార్ శివరంజని వంక చూశాడు. ఆమె చేతులు కట్టుకుని, చూపు తిప్పకుండా నిలబడింది.

"ఆ పీరియడ్ నాది గాదమ్మా, బిడ్డలది. పరీక్ష పెట్టను," అన్నాడు. ఆ ఊపులో ఇంటి తెలుగులోనే అనేసి, ఆమెకు అర్థం కాలేదని అరవంలో ఇంకా గట్టిగా చెప్పాడు.

మరునాడు బడి మైదానంలో ఖోఖో ఆడిన ఆయన మూడో నిమిషానికే ఔటయ్యాడు. ఆ ఫలితాన్ని మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు.