దొర ముక్కలు

ఆ ఆదివారం ఉదయం సర్వే ఆఫీసులో పటాలు గీసే అతనికి ఒకే ఒక్క పని ఉంది: కుక్క కోసం కోడిమాంసం ఎండబెట్టడం. ముసలిదైపోయిన ఆ కుక్కను ఇంట్లో దొర అంటారు. పది రోజులుగా అది బిస్కెట్ల వంక చూడడమే మానేసింది. పశువుల డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఉప్పు, కారం, నూనె తగలకుండా మాంసం ఉడికించి, ఓవెన్‌లో సన్నని సెగ మీద ఐదు గంటలు ఆరబెట్టాలి.

నర్సుగా పనిచేసే భార్య తెల్లారకముందే డ్యూటీకి వెళ్లింది. అతను స్కేలు పెట్టి మరీ ముక్కలు కోశాడు. అన్నీ అయ్యాక ఓవెన్ ముందు పీట వేసుకున్నాడు. పక్కనే దొర. అద్దం వెనక ముక్కలు రంగు మారుతుంటే అతనికి అవి ఎండిన నదుల్లా, ఇసుకతిన్నెల్లా, ఇంకా ఎవరూ కొలవని ఏదో దేశంలా కనిపించాయి. కిటికీ తెర నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా ఉబ్బి తగ్గుతోంది. వాసన గదులన్నీ తిరిగి, మెట్లు దిగి వెళ్లింది. ఎండిన ముక్కలు పళ్లెంలోకి తీసి చల్లారబెట్టాక, అతనికి ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మామగారు. నములుతున్నారు.

కింది అంతస్తులోనే ఉన్నా, పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన అల్లుడితో నేరుగా మాట్లాడింది లేదు. ఏదున్నా "మీ ఆయనకు చెప్పు" అని కూతురితోనే. ఆరు నెలల కిందట గుండె డాక్టరు ఉప్పూ నూనే మాన్పించాక ఆయన తిండి మీద కూడా అలిగారు. కూతురు పెట్టివెళ్లిన ఉడికించిన క్యారెట్ల డబ్బాను తిరిగి ఇచ్చేయడానికి వచ్చి, వాసన పట్టుకుని వంటింట్లోకి నడిచారు.

"అల్లుడూ!" అన్నారు. "ఉప్పు లేదు, నూనె లేదు. ఇదంతా నా కోసమేనా?"

పదకొండేళ్ల తర్వాత వచ్చిన పిలుపు అది. అతనికి నిజం చెప్పబుద్ధి కాలేదు.

"మీరు తింటారో లేదోనని..." అని నసిగాడు.

అదే కొంప ముంచింది. మామగారు మూత ఊడిన డబ్బాను నేల మీద వదిలేసి, పళ్లెం ఎత్తుకుని, కింద బెంచీ మీది మిత్రులకు చూపించడానికి వెళ్లిపోయారు.

పావుగంటలో భార్య ఫోను.

"నాన్న ఫోన్ చేసి ఏడ్చేశారు! మీరింత మంచివారని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"దొరకు ఏదో చేస్తానన్నారు, అయిందా?"

"అయింది. అయిపోయింది కూడా."

ఫోను పెట్టేలోపే గుమ్మంలో అలికిడి. మామగారు, వెనక రిటైరైన జడ్జిగారు, ఇంకో ఇద్దరు మిత్రులు. పళ్లెం ఖాళీ.

"ఎలా చేశావో మాకూ చెప్పాలయ్యా," అన్నారు జడ్జిగారు. "మా అందరికీ ఉప్పు బందే."

అల్లుడు అడ్డం వచ్చేలోపే ఆయన ఫ్రిజ్ మీద అంటించిన చీటీ చూశారు. కళ్లజోడు సవరించుకుని, తీర్పు చదివినట్టు పైకి చదివారు.

"'బరువు పదిహేను కిలోలైతే రోజుకు రెండు ముక్కలు. ఎక్కువైతే అరగక గోడలు గీకవచ్చు. తిన్నాక తోక ఊపుతోందో లేదో గమనించాలి.'"

మిత్రుల్లో ఒకాయన చెయ్యి తనకు తెలియకుండానే నడుము వెనక్కి వెళ్లింది.

"ఎవరి తోక?" అన్నారు జడ్జిగారు.

అల్లుడు తల వంచుకున్నాడు. "దొరది. దానికోసమే చేశాను, మామయ్యా. మీరు అల్లుడూ అని పిలిచేసరికి నోరు పెగల్లేదు. తప్పయిపోయింది."

మామగారి ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా మూలనుంచి చపచపమని చప్పుడు. అందరూ అటు తిరిగారు. దొర డబ్బాలో తల దూర్చి, ఉడికించిన క్యారెట్లు కళ్లు మూసుకుని తింటోంది. తోక ఊగుతోంది.

మామగారు వంగి డబ్బాలోకి చూశారు. ముఖంలో ఎరుపు తగ్గింది.

"ఆరు నెలలుగా వాటిని వద్దంటుంటే నాకే నాలుక పాడైందనుకున్నాను," అన్నారు. "ఎవరి నోటికి రాసిపెట్టినవి వాళ్లకు చేరాలిగా." తర్వాత పీట లాక్కుని ఓవెన్ ముందు కూర్చున్నారు. "ఇంకా మాంసం ఉందా, అల్లుడూ?"

సాయంత్రం భార్య వచ్చి అడిగితే, మీ నాన్నా దొరా ఇద్దరూ కడుపునిండా తిన్నారని చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.