చిల్లుంటేనే అనుమతి

కిష్టప్ప చేసిన నీళ్ల రంజన్లకు అడుగున చిల్లులు పొడిపించింది మీరే. కళాకేంద్రం కట్టినవాళ్లు, దానికి కొబ్బరికాయ కొట్టినవాళ్లు, ఫైలు మీద సంతకం పెట్టినవాళ్లు, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు చరిచినవాళ్లు, అందరూ. ఎట్లా జరిగిందో మరిచిపోయినట్టు నటిస్తున్నారు కాబట్టి మళ్లీ చెబుతున్నాను.

ధారూర్ దాటి తాండూరు పోయే రోడ్డు పక్కన మనకు సమకాలీన మృణ్మయ కళాకేంద్రం వచ్చింది. ఊరివాళ్లు దాన్ని మన్ను ఆఫీసు అంటారు. వాళ్లకు సంస్కారం తక్కువ. కళకు మట్టివాసన తగలాలని దాన్ని సరిగ్గా కుమ్మరి కిష్టప్ప కుండలు కాల్చే ఆవం పక్కనే కట్టారు. గోడలకు గుజరాత్ టైల్స్, నేలకు ఇటలీ రాయి. తాండూరు నాపరాయి మరీ దగ్గర్లో దొరుకుతుంది కాబట్టి దానికి కళావిలువ లేదని తీర్మానించారు. ఏకగ్రీవంగా.

కేంద్రం తెరిచిన కొద్దిరోజులకే ఆవం పొగ వచ్చి తెల్లటి పింగాణీ మీద వాలింది. డైరెక్టర్ ప్రేమ్‌సాగర్ గారు దగ్గారు. దగ్గిన వెంటనే పరిసరాల పరిరక్షణ ఉపసంఘం ఏర్పడి, కారు అద్దాలు ఎక్కించుకుని తాండూరు దాకా పర్యటించింది. కంది చేల మీద, వేపచెట్ల మీద, బడికి పోయే పిల్లల కనురెప్పల మీద సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పేరుకుని ఉండటం గమనించి, "ఇది నేల తనకు తాను వేసుకున్న గ్లేజు పూత, దీనిని భావితరాలకు భద్రంగా అందించవలెను" అని నివేదికలో రాసింది. కాలుష్యం ఎక్కడుందో కూడా కనిపెట్టింది. కిష్టప్ప ఆవంలో ఉంది.

అప్పటికి శివరాత్రి దాటింది. ఎండాకాలానికి చేసిన రంజన్లను ఆవంలో పేర్చారు. పిడకలు, గడ్డి కప్పి నిప్పు పెట్టడమే తరువాయి. నీళ్లు చల్లబరిచే ఆ పెద్ద కుండలే కిష్టప్ప ఇంటికి ఏడాది తిండి. ఎండలు పోతే కొనేవాడు ఉండడు. కాల్చని కుండ మీద ఒక్క గాలివాన పడితే అది మళ్లీ మట్టే. సరిగ్గా అప్పుడే కేంద్రం ఉపసంఘం నుంచి నోటీసు వచ్చింది: నీళ్లు నిలిచే మట్టి వస్తువు పరిశ్రమ సరుకు, కాల్చడానికి కాలుష్య అనుమతి ఉండాలి, నీళ్లు నిలవనిది కళాఖండం, ఎంత పొగతోనైనా కాల్చుకోవచ్చు. ఇంత తేటగా రాసిన నిబంధనను నేను ఈ జిల్లాలో ఎక్కడా చూడలేదు.

కిష్టప్ప అర్జీ పట్టుకుని కేంద్రానికి పోయాడు. ముందు కళను ఆస్వాదించు, తర్వాత అర్జీ వింటామన్నారు. హైదరాబాద్ కళాకారిణి సింధుజ గారు తన కూజా చూపించారు. ఒక పక్కకు ఒరిగి, మూతి వంకర తిరిగి, నడుమ పగిలి, ఒళ్లంతా నీలం పూసుకుని ఉంది.

కిష్టప్ప దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు.

"మస్తుగున్నది మేడం. బర్రె పండుకున్నట్లున్నది. నా సారె మీద గిసుంటిది లేస్తే మా నాయన చెవు పిండుతుండె. మీకెవ్వలు పిండలేదా?"

లేదన్నారు సింధుజ గారు.

"మంచిగైంది. పిండితే గీ రంగు పుట్టకపోతుండె. వాన పడే ముందట అనంతగిరి గుట్ట గిట్లనే ఉంటది సూడుండ్రి. గిది ఎట్ల పట్టిచ్చిన్రు మేడం? జర నాకు గూడ నేర్పుండ్రి."

స్థానిక కుమ్మరి కళను చూసి మాటరాక నిలబడిపోయాడని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత అర్జీ విన్నారు.

"నీ కుండలో నీళ్లు నిలుస్తాయా?" అని ప్రేమ్‌సాగర్ గారు అడిగారు.

"నిలుస్తయి సార్. సల్లగ నిలుస్తయి."

"చిక్కంతా అక్కడే ఉందయ్యా."

ఇంటికొస్తే భార్య బాలమణి అందుకుంది. "గంత సక్కగ నిలుస్తయని ఎందుకు జెప్పినవయ్యా? కారుతయి సార్ అంటే నీ నోరు పడిపోతుండెనా?"

"కారుతదని కుమ్మరోడు ఎట్ల జెప్తడే?"

"అయితే పచ్చివే ముందట వెట్టుకొని మురువు. వాన మొగులు కనవడుతలేదా?"

మొగులు కనబడింది. కిష్టప్ప ఆవం విప్పి, ఒక్కో రంజను బయటికి తీసి, మేకుతో అడుగున తొలిచాడు. సగంలో మేకు కింద పెట్టేశాడు. మిగతావి బాలమణి తొలిచింది. కాలినంక లప్పం పెట్టి పూడుద్దామన్నది ఆమె ధైర్యం.

చిల్లు చూసిన గడియలోనే అనుమతి వచ్చింది. ఆవం మండింది. అదే పొగ అదే పింగాణీ మీద వాలింది. ప్రేమ్‌సాగర్ గారు ఈసారి గుండెల నిండా పీల్చి, ఇది సృజన సువాసన అన్నారు. రంజన్లన్నిటికీ 'శూన్యం' అని పేరు పెట్టి కళాఖండాలుగా నమోదు చేశారు. చిల్లు పూడిస్తే కళాధ్వంసం కింద కేసు అవుతుందని కూడా చెప్పారు. కిష్టప్పకు శాలువా కప్పారు. ఎండ మండిపోతోంది, శాలువా ఉన్నిది.

ధారూర్ స్టేషన్ ముందు చాయ్ అమ్మే వజీరాబీ, రైలు దిగేవాళ్ల కోసం ఏటా కిష్టప్ప రంజన్లలో ఉచితంగా నీళ్లు పెడుతుంది. ఈసారీ వచ్చి, ఒకటి ఎత్తి చూసింది.

"కిష్టన్నా, నీకేమన్న నజర్ తగిలిందా? దీంట్ల పోస్తే నా కాళ్లు సల్లవడుతయి గని ఎవ్వరి దూప తీరది."

"గిది కళ, ఆపా."

"ఉండనీ. తాగేదేది?"

వజీరాబీ ప్రశ్న కేంద్రం చెవిన పడింది. పడగానే ప్రజలకు దాహం ఉందన్న సంగతి పెద్దలకు తట్టి, స్టేషన్ ముందే కళాత్మక చలివేంద్రం పెట్టారు. పందిరి కింద శూన్యాలను వరుసగా నిలబెట్టారు. ప్రేమ్‌సాగర్ గారు ప్రసంగించారు: "నీరు నిలవదు, జీవితం నిలవదు, మన రంజను కూడా నిలపదు. ఇంత లోతైన చలివేంద్రం దక్కన్ పీఠభూమిలో మరొకటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాను." రిబ్బన్ తెగింది. పైన పోసిన నీళ్లు కింద నుంచి మోరీలోకి పోయాయి. రైలు దిగిన ముసలాయన గ్లాసు ముంచితే గ్లాసు అడుగు రంజను అడుగుకు తగిలి టక్కుమంది. ఆ చప్పుడుకు కూడా చప్పట్లు కొట్టారు. వేదిక మీది పెద్దలు సీసా మూతలు తిప్పి మినరల్ వాటర్ తాగారు.

చప్పట్లు కొట్టిన చేతుల్లో మీవీ ఉన్నాయి. ముసలాయన ఖాళీ గ్లాసుతో ఫోటో దిగి, మన జిల్లాకు గర్వకారణం అని స్టేటస్ పెట్టుకున్నది మీరే. ఆ ఫోటో చూసి నీళ్లేవని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఎండాకాలం సగం పోయింది. ఒక్క రంజనూ అమ్ముడుపోలేదు. కుండలు చేసే సారె గోడకు ఆనించి ఉంది. కిష్టప్ప ఇప్పుడు కేంద్రంలో నీలం చొక్కా తొడుక్కుని, కుండలు ముట్టుకోవద్దని వచ్చినవాళ్లకు చెప్పే కొలువు చేస్తున్నాడు. అలవాటు కొద్దీ తనే ఒకసారి ముట్టుకుంటే మెమో ఇచ్చారు.

సన్మానాలు చాలు. మళ్లీ ఉపసంఘం వేయకండి, పరిశీలిస్తామనకండి. ఆ నిబంధన చింపండి. నమోదు రద్దు చేయండి. మట్టి తొక్కి, కుండలు చేసి, ఆరబెట్టి, కాల్చేదాకా ఎండలు ఆగవు. ఆవానికి నిప్పు పెట్టుకునే అనుమతి రేపు పొద్దటికి కిష్టప్ప చేతిలో ఉండాలి. చిల్లు లేని కుండకు.