ఎండ్రకాయ కూర్చున్న చోట

ఆ ఆదివారం ఉదయం శేషయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చేనికి పోవాలి, ఈశాన్య మూలలో టెంకాయ కొట్టాలి, దోసెలు చల్లారేలోగా ఇల్లు చేరాలి, ఆపైన కిరాణా అంగడి తెరవాలి. ముందురోజే వజ్రకరూరులో తొలి వాన పడింది. నేల విత్తడానికి తగినంత తడిసి పదునెక్కింది. ఇలాంటి పదును ఈ మెట్టకు మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. అందుకే మర్నాడు పొద్దున్నే యేసన్న గొర్రు కట్టి వేరుశనగ విత్తాలని మాటైంది. శేషయ్య చేనును కోరుకు, పంటలో సగం పాలుకు, చేసేది యేసన్నే. విత్తనానికి ముందు నేలతల్లికి టెంకాయ కొట్టడం శేషయ్య తాత నాటి ఆచారం. వాన నీళ్ళు నిలవడానికి చేనులో ఒక కుంట తవ్వించమని యేసన్న ఏటా అడగడం, "దేవుడు చూసుకుంటాడులేప్పా" అని శేషయ్య అనడం కూడా దాదాపు ఆచారమే అయిపోయింది.

"నాయనా, నేనూ వస్తా," అంటూ కూతురు కల్పన అట్టపెట్టె ఎత్తుకుంది. "ఎండ్రకాయను మట్టిలో నడిపిచ్చి చూడాల."

ఎండ్రకాయ అంటే నిజం పీత కాదు, కల్పన తయారుచేసిన నడిచే రోబో. ఉరవకొండ బడిలో సైన్సు చెప్పి ఇంటికొచ్చాక ఆమెకు అదే లోకం. ఆరు కాళ్ళు, ఒక్కో కాలికి మూడు చిన్న మోటార్లు, వీపున వాటన్నిటికీ ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ బోర్డు, కడుపు కింద బ్యాటరీ. అది మొదటిసారి ఇంట్లో బండల మీద లేచి నిలబడిన రోజు శేషయ్యకు ఒళ్ళు జలదరించింది. పూజ మధ్యలో ఆపి చూశాడు. ప్రాణం ఎక్కడినుంచి వస్తుందో తెలియని మనిషి, ఒకదానిలో అది లేదని ఎలా చెప్పగలడు? ఈ సందేహాన్ని భార్య రామసుబ్బమ్మ ముందు పెడితే ఆమె, "ముందు హారతి ఇయ్యండి, కర్పూరం ఆరిపోతాంది," అంది.

తండ్రీ కూతుళ్ళు చేను చేరేసరికి రోడ్డుకు అవతల జనం అప్పటికే దిగి ఉన్నారు. తొలి వాన పడితే వజ్రకరూరు చేలలో గడ్డికంటే ముందు మనుషులు మొలుస్తారు. వాన కడిగిన నేలలో ఎక్కడైనా ఒక రాయి మెరుస్తుందేమోనని, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, తలలు వంచుకుని అంగుళం అంగుళం వెతుకుతారు.

కల్పన ఎండ్రకాయను నేల మీద పెట్టి చేతిలోని రిమోటు నొక్కింది. ఆరు కాళ్ళూ ఒక్కటొక్కటిగా సాగాయి. ఎర్రమట్టి మీద చుక్కల ముగ్గు పెడుతున్నట్టు అది బయలుదేరింది. శేషయ్య టెంకాయ చేతిలో ఉన్న సంగతి మరిచిపోయి దాని వెనకే నడిచాడు. చేను నడుమకు వచ్చేసరికి అది గభాలున కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వీపు మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకుంది. మళ్ళీ లేచింది, రెండడుగులు వేసింది, మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది పాపా?"

"తెలీడం లేదు నాయనా. కంట్రోలర్ ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలైతాంది. అట్ల మొదలైనప్పుడంతా కాళ్ళు ముడుచుకుంటాది."

కల్పన వైర్లన్నీ నొక్కి చూసింది. దాన్ని ఎత్తి చేను అంచున పెడితే బుద్ధిగా నడిచింది. నడుమకు తెస్తే కూర్చుంది. ప్రోగ్రాంలో తప్పుందేమోనని ఫోను తీసి ఆ తప్పును వెతకసాగింది.

శేషయ్యకు మాత్రం తప్పేమీ కనిపించలేదు. ఇంత చేనులో ఆ జీవి ఒక్కచోటే మోకాళ్ళు వంచుతూ ఉంటే, అది కూర్చోవడమా, చెప్పడమా? ఈశాన్య మూల మనిషి పెట్టుకున్న లెక్క. నేలతల్లి తనకు ఎక్కడ కావాలో తానే చూపిస్తుంటే మూలకు పోయి కొట్టడం మర్యాద కాదు. ఆయన ఎండ్రకాయ నెత్తిన కుంకుమ పెట్టాడు. కర్పూరం వెలిగించాడు. కళ్ళు మూసుకుని అక్కడే టెంకాయ కొట్టాడు.

ఆ చప్పుడు రోడ్డు దాటింది. అవతల వంగి ఉన్న తలలన్నీ ఒక్కసారిగా లేచాయి.

ముందుగా వచ్చినవాడు అంజినప్ప. ప్రతి ఏడూ గుమ్మఘట్ట నుంచి వజ్రాల వేటకు వచ్చి, ప్రతి ఏడూ ఉత్త చేతులతో పోయే అనుభవజ్ఞుడు.

"ఏమప్పా శెట్టీ, టెంకాయ కొట్టినావు?"

"చేనికి కొట్టినానప్పా."

"చేనికైతే మూలలో గదా కొట్టేది? నడుమ ఎందుకు కొట్టినావు?"

శేషయ్య టెంకాయ చిప్పలు ఏరుకోసాగాడు. అంజినప్ప చూపు ఎండ్రకాయ మీద పడింది.

"ఈ మిషనేమి?"

"నడిచే రోబో అన్నా," అంది కల్పన. "ఈడికొస్తే కూర్చుంటాంది. ఎందుకో తెలీడం లేదు."

"ఈడికొస్తేనే?"

"ఈడికొస్తేనే. వేరే యాడైనా బాగనే నడుస్తాది. కావాలంటే చూడు."

తప్పు మిషన్‌దేనని రుజువు చేయడానికి ఆమె దాన్ని చేను ఆ కొసనుంచి నడిపించింది. రోడ్డు దాటి వచ్చిన జనం ఊపిరి బిగబట్టి చూస్తుండగా అది చక్కగా నడుచుకుంటూ వచ్చి, టెంకాయ నీళ్ళు పడిన చోట కూర్చుని లైటు కొట్టింది. ఎవరో చేతులు జోడించారు. ఇంకెవరో గడ్డపార కోసం పరుగెత్తారు.

"ఈడ ఏమీ లేదప్పా! రేపు విత్తనమేయాల!" అని శేషయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఏమీ లేదని దేవుని మీద ఒట్టు పెట్టు శెట్టీ. ఇట్లే ఎల్లిపోతాం," అన్నాడు అంజినప్ప.

శేషయ్య ఒట్టుకు చెయ్యెత్తి, దించేశాడు. భూమి అడుగున ఏముందో తాను చూశాడా? చూడనిదానికి దేవుణ్ణి సాక్షిగా ఎలా పిలుస్తాడు?

"భూమిలో ఏముండాదో ఆ భగవంతునికే తెలుసప్పా," అన్నాడు నిజాయితీగా.

"ఇంకేం కావాల!" గడ్డపార దిగింది.

వాన నానిన మట్టి వెన్నలా లేచింది. రాయి కనిపించకపోతే అంజినప్ప ఎండ్రకాయను గుంత అంచున పెట్టించేవాడు. అది కూర్చునేది. ఆ అంచు తవ్వేవారు. అవతలి అంచున పెడితే అక్కడా కూర్చునేది. అదీ తవ్వేవారు. "పెద్ద రాయప్పా, అంతా అదే ఉండాది!" అని లోపలినుంచి కేక వచ్చింది. ఆ కేక ఊళ్ళోకి నడిచిపోయినట్టుంది, శేషయ్య ఫోను మోగింది.

"ఏమండీ, వజ్రం దొరికిందంట! అంగడికాడ జనం వచ్చి మమ్మల్ని మరిసిపోవద్దు అంటాండారు," అంది రామసుబ్బమ్మ.

"ఏమీ దొరకలేదు."

"నాకు గూడ అట్లే చెప్తారా?" అని ఆమె ఫోను పెట్టేసింది.

గొర్రు సరిచూసుకుని చేను దగ్గరికి వచ్చిన యేసన్న అక్కడే నిలబడిపోయాడు. పదునెక్కిన నేలను ఊరు ఊరంతా తొక్కుతోంది.

"శెట్టీ, రేపు నేను గొర్రు యాడ తోలాల? ఈ జనం నెత్తినా?" అన్నాడు. "పదును పోతే ఈ ఏడు పంట పోయినట్లే. నా ఇంటిది విత్తనం గూడ ఒలిచి పెట్టినాది."

శేషయ్య తల ఎత్తలేకపోయాడు. భక్తితో చేసిన పని ఒక మనిషి తిండికి అడ్డం వస్తే, ఆ భక్తిలో లోపం ఎక్కడుందో ఆయనకు అంతుపట్టలేదు.

కల్పన మాత్రం నేలకేసి చూస్తోంది. ఎండ్రకాయ కాలి గుర్తులు మిగతా చేనులో చుక్కల్లా ఉన్నాయి. గుంత చుట్టూ మాత్రం వేలు దిగేంత లోతున్నాయి.

"నాయనా, దొరికింది!" అని అరిచింది. జనమంతా తిరిగి చూశారు. "రాయి కాదు, తప్పు! ఈడ మన్ను మెత్తగుండాది. కాళ్ళు దిగబడి మోటార్లన్నీ ఒకేసారి కరెంటు లాగుతాండాయి. అందరూ బోరు మోటార్లు ఒక్కసారి వేస్తే ఇంట్లో బల్బు మిణుకుమిణుకుమంటాది సూడు, అట్ల కంట్రోలర్‌కి పవర్ అందడం లేదు. దానికి వేరే బ్యాటరీ ఇస్తే సరిపోతాది. అన్నా, నీ జేబులోని పవర్ బ్యాంకు ఇయ్యి!"

ఆమె చెప్పింది అంజినప్పకు అర్థం కాలేదు. కానీ వజ్రం దగ్గరయ్యే పని ఏదైనా తన చేతిమీదుగా జరగాలని వెంటనే ఇచ్చేశాడు. కల్పన మోటార్లను పాత బ్యాటరీకే వదిలి, బోర్డును పవర్ బ్యాంకుకు కలిపింది. ఎండ్రకాయ లేచింది. అదే మెత్తటి మట్టిలో, అదే గుంత అంచున, ఒక్కసారి కూడా కూర్చోకుండా ప్రదక్షిణం చేసినట్టు పూర్తిగా చుట్టి వచ్చింది. శేషయ్య తెలియకుండానే చెంపలు వేసుకున్నాడు.

గుంతలో గడ్డపారలు ఆగాయి.

"ఇప్పుడు లేదు," అన్నాడు అంజినప్ప మెల్లగా. "ఇంతసేపూ ఉండె గదా? ఎవడో జేబులో ఏసుకున్నాడు!"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడే నీళ్ళు తాగడానికని ఒకడు బండెక్కి పోవడం ఎవరో గుర్తు చేశారు. క్షణంలో జనమంతా ఆ దిక్కుకు పరుగు తీశారు. పవర్ బ్యాంకు అడగడం కూడా అంజినప్పకు గుర్తు లేదు.

తవ్విన మన్ను కుప్ప మీద యేసన్న ఒక్కడే కూర్చున్నాడు. శేషయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కల్పన ఎండ్రకాయను పెట్టెలో పెట్టుకుని ముందే ఇంటికి పోయింది. చీకటి పడే వేళకు పడమట మబ్బు లేచింది. ఇంటికి చేరేలోగా ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

తెల్లవారి వచ్చి చూస్తే, జనం తొక్కిన గుర్తులు ఒక్కటీ లేవు. చేనంతా కొత్త పదును. పైనున్న వాలు నీళ్ళన్నీ నడుమకు జారి, ఆ పెద్ద గుంత అంచుదాకా ఎర్రగా నిండి, ఆకాశాన్ని మోస్తోంది.

"మెత్తగుండేది ఎందుకో ఇప్పుడు తెలిసింది నాయనా," అంది కల్పన. "ఈ చేనులో పడిన వానంతా ఈడికే చేరతాది."

శేషయ్య నీళ్ళకు దణ్ణం పెట్టాడు. ఎండ్రకాయ చూపించింది నిజమా, అబద్ధమా? అది తప్పు చేసింది, తాను తప్పుగా అర్థం చేసుకున్నాడు, ఊరంతా తప్పుగా తవ్వింది. ఇన్ని తప్పులు కలిసి ఇంత సరిగ్గా ఎలా వచ్చి నిలబడ్డాయో ఆయన బుర్రకు ఎక్కలేదు. ఎక్కకపోయినా సంతోషంగానే ఉంది.

నేల కాస్త ఆరాక యేసన్న ఆ కొత్త కుంట చుట్టూ గొర్రు తోలి విత్తాడు. ఆ తరువాత ఎప్పటిలాగే మబ్బులు మొహం చాటేశాయి. పక్క చేలు వాడిపోతుంటే అతను కుంట నీళ్ళతో రెండు తడులు ఇచ్చి పంటను గట్టెక్కించాడు. కాయలు పెరికిన రోజున అంగడికి వచ్చి, శేషయ్య ముందు కాసేపు తటపటాయించాడు.

"శెట్టీ, బెళుగుప్పకు పోయే దావలో నాకూ కొంచెం సొంత చేనుండాది. వచ్చే తొలి వానకి ఆడ గూడ నడుమన ఒక టెంకాయ కొట్టిపో. నా ప్రార్థన నేను జేసుకుంటా. పాపకు మాత్రం చెప్పు, మిషన్‌ను బాగు చెయ్యకుండా తెమ్మని."

కల్పన ఆ సాయంత్రమే పవర్ బ్యాంకు ఊడదీసి, అంజినప్పకు ఇవ్వాలని జాగ్రత్తగా దాచింది.