కనకరత్నం తాత లైట్‌హౌసు ఉద్యోగం

లైట్‌హౌసు కీపరు మనవడు పొయ్యి ముట్టకూడదని బర్మాలోని సేక్కాన్ రేవులో చట్టమేమీ లేదు. ఇస్సాకు ఇంట్లో మాత్రం ఇరవై ఆరేళ్లుగా ఉంది. చట్టం చేసినవాడూ, దాని వల్ల సుఖపడినవాడూ ఇస్సాకే.

1988 నాటి గొడవలు అణిగిన మరుసటి ఏడు అతని భార్య మార్గరెట్‌కి భుజం పట్టేసింది.

"జూలియట్ నాన్నా, ఈ వారం వొంట నువ్వు సెయ్యి" అంది మొగుడితో.

"నానా? మా తాత కనకరత్నం ఏటి మొగలో లైట్‌హౌసు కీపరు. ఓడలకి దారి సూపిన వొంశమే! గరిటి పడతాదా?"

"అయితే ఆయన పేరు సూపించు. ఉంటే నానే వొండతాను. నేకపోతే నువ్వే."

శనివారం చూపిస్తానన్నాడు ఇస్సాకు. కీపర్ల పేర్ల పలక లైట్‌హౌసు పక్కనే ఉన్న చిన్న యుద్ధ మ్యూజియంలో ఉంది. తాత పేరు దాని మీద లేదు.

గురువారం ఓడలకు వేసే తెల్లరంగు సీసాలో పోసుకుని ఒక్కడే పడవెక్కాడు. మ్యూజియం కాపలాదారు ఊ బా థైన్ చేతిలో పాలడబ్బా పెట్టాడు. పాలడబ్బా కనబడితే పండగనుకునే రోజులవి. ముసలాయన అటు తిరిగి నిలబడ్డాడు. పలక మీద 1942 నుంచి 45 దాకా ఖాళీ ఉంది. తాత కోసం దేవుడే అట్టిపెట్టాడనుకుని అందులో ఆయన పేరు రాసేశాడు ఇస్సాకు.

శనివారం ఆలుమగలు బయలుదేరారు. అప్పటి మిలటరీ పాలనలో ఐదుగురు గుమికూడితే నేరం. ఇద్దరమే కదా అని ఇస్సాకు ధైర్యం. మార్గరెట్ ఒక్కతే ఐదుగురి పెట్టని లెక్కేసుకోలేదు.

తుప్పు పట్టిన తుపాకులు, పేలని బాంబు దాటి పలక ముందు నిలబడ్డారు.

"సదువుకో!" అన్నాడు ఇస్సాకు, ఛాతీ విరిచి.

మార్గరెట్ చదివింది. తరువాత బర్మా భాషలో కాపలాదారుని అడిగింది: "ఆ మూడేళ్లూ ఈ దీపం ఎవరి చేతిలో ఉండేది?"

"జపాను సైన్యం చేతిలో. అందుకే ఖాళీగా..." పాలడబ్బా గుర్తొచ్చి ముసలాయన దగ్గాడు.

"ఓలమ్మో! జపానోళ్లకి జడిసి మా తాత మన దేశానికి పారిపోతా అరకాన్ కొండల్లో నడిసి నడిసి సచ్చిపోయినాడు. మీ తాత ఆళ్లకి దీపమెట్టినాడా? రేపు సర్చిలో అందరికీ సెప్తాను!"

తాత ద్రోహి కావాలి, లేదా తాను అబద్ధాలకోరు కావాలి. ఇస్సాకు కాసేపు బాంబు వంక ఆశగా చూశాడు. అది పేలలేదు.

"ఎట్టనేదే! ఆయన ఉత్త వొంటోడు. కీపరు దొరకి కూరలొండీవోడు. పేరు నాను రాసినాను."

"తెలుసు" అంది మార్గరెట్. "పెళ్లికి ముందే మా అమ్మ ఆరా తీసింది. వొంటోళ్ల వొంశం, పిల్ల సుకపడతాదని ఇచ్చింది. నువ్వెప్పుడొప్పుకుంటావా అని సూస్తన్నాను."

ఊ బా థైన్ చాకు తెచ్చి ఇచ్చాడు. ఇస్సాకు పలక గీకసాగాడు.

"గట్టిగా గీకు. మాడిన గిన్నెలూ ఇలాగే గీకాల" అంది మార్గరెట్.

ఆ సాయంత్రం ఇస్సాకు చేపల పులుసు పెట్టాడు. కావాలనే చెడగొట్టాలనుకున్నాడు గాని చెయ్యి వినలేదు. మార్గరెట్ మూడుసార్లు వడ్డించుకుంది.

వారం తిరక్కుండా భుజం నయమైంది. పొయ్యి మాత్రం ఇస్సాకు దగ్గరే ఉండిపోయింది.