ఎస్తేరు కుడిచేతి చదువు

హన్మకొండలోని జపాన్ అక్షరాల శిక్షణ కేంద్రంలో అభ్యర్థులు ఉదయం ఎనిమిదింటికి తమ కుడిచేతిని మోచేతి దాకా ఊడదీసి కౌంటర్లో అప్పగించాలి, సాయంత్రం ఆరింటికి రసీదు చూపించి తగిలించుకుని వెళ్లాలి. మిగతా మనిషికి లోపల కుర్చీ లేదు. చదువు సంగతి చెయ్యీ కంప్యూటరూ చూసుకుంటాయి.

నర్సు ఎస్తేరు అక్కడ చేరడం ఇది మూడోసారి. నిబంధనల ప్రకారం ఇదే ఆఖరు. ఆస్పత్రిలో ఆరేళ్లుగా అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తున్నారు, పేరేమిటని ఒక్కరూ అడగలేదు. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగమొస్తే పేరు పెట్టి, అదీ గౌరవంగా పిలుస్తారని ఎవరో చెప్పారు. ఆ ఒక్క మాట కోసం ఆమె పగలంతా ఎడమచేత్తో ఇంజెక్షన్లు ఇస్తోంది.

రోజూ చేతితోపాటు కంప్యూటర్ ఒక చీటీ పంపేది. మూడో గీత రెండో గీత కంటే ముందొచ్చింది. గుండ్రం ఎక్కువైంది. అక్షరాలపై అనవసరంగా తలకట్టు పెట్టారు, నలభై ఏడు సార్లు. చిన్నప్పటి నుంచి తెలుగు రాసిన చెయ్యి మరి. అక్షరాన్ని బోడినెత్తితో బయటికి పంపడం దానికి మర్యాదగా తోచలేదు.

"ఎంత జెప్పినా ఇంటలేదు సార్," అంది ఎస్తేరు, కౌంటర్లో గుమాస్తా ఓదెలుతో.

"తిట్టకు బిడ్డా, అలుగుతది. పోయినేడు ఒకామె చెయ్యి అలిగి సిద్దిపేట పోయింది."

నాలుగో నెలలో కంప్యూటర్ కొత్త అక్షరం ఇచ్చింది. పైన ఇంటికప్పు, దాని కింద ఆడమనిషి. అర్థం నిమ్మళం. ఆ కప్పు నెత్తిన చిన్న గీత ఒకటుంటుంది. చెయ్యి తన తలకట్టును అక్కడ పెట్టి, మిగతా గీతలు వరస తప్పకుండా రాసేసింది. ఆ రోజు చీటీలో 'బాగుంది' అని మాత్రమే ఉంది. ఎస్తేరు బస్టాపులో నిలబడి ఏడ్చింది, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. తలకట్టుకు చోటు దొరికాక చెయ్యి మిగతా అక్షరాల నెత్తి జోలికి పోలేదు.

పరీక్ష పాసైంది. కుడిచెయ్యి ఎంపికైనట్టు ఉత్తర్వు వచ్చింది. అందులో చేతిని ఎస్తేరు గారూ అని సంబోధించారు.

"మరి నేను, సార్?"

"నువ్వు గూడ పోవచ్చు బిడ్డా, దాని ఎంబడి. ఫారం ఉన్నది," అన్నాడు ఓదెలు.

ఎంపికైన చేతికి మీరేమవుతారని ఫారంలో అడిగారు. ఎస్తేరు కాసేపు ఆలోచించి, ఆ చేత్తోనే 'సొంత మనిషి' అని రాసింది. గీతల్లో తప్పేమీ లేదనీ, సంబంధానికి రుజువు జతచేయాలనీ కంప్యూటర్ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆమె తహసీల్దారు ఆఫీసు క్యూలో ఉత్సాహంగా నిలబడింది. ముందున్నాయన నడుముకు దుబాయిలో పని దొరికిందట. ఆయనా సంతోషంగానే ఉన్నాడు.