విషయం: పోయిన డ్రైవర్ స్థానంలో కొత్తది ఎంపిక చేయుట

"దొరికిన వస్తువును తిరిగి ఇచ్చే చేతిలోనే నాగరికత నిలబడి ఉంది!"

ఈ మాట ఏ మహానుభావుడు అన్నాడా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. నేనే అన్నాను. అని ఊరుకోకుండా మా ఆఫీసు డిస్క్ గోల్ఫ్ క్లబ్బు నియమావళి మొదటి పేజీలో, లావు అక్షరాల్లో, కింద గీత గీయించి మరీ అచ్చు వేయించాను. ఆ క్లబ్బుకి నేను పోయిన వస్తువుల సంరక్షకుణ్ణి. ఉద్యోగరీత్యా కొనుగోళ్ల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు పిలిచి, పోలిక పట్టిక గీసి, ముగ్గురి చేత సంతకాలు పెట్టించనిదే నాకు అన్నం సయించదు.

ఈ ఆట ఎరగనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో తొమ్మిది ఇనప బుట్టలు పాతి ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ గొలుసులు వేలాడుతుంటాయి. పళ్లెమంత ప్లాస్టిక్ చక్రాన్ని, అంటే డిస్కుని, దూరం నుంచి విసిరి ఆ బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లలో పడేసినవాడు మొనగాడు. అంచు పలచగా ఉండి బాగా దూరం పోయే డిస్కుని డ్రైవర్ అంటారు. మా పెద్దసారుని డాక్టరు రోజూ నడవమన్నాడట. ఊరికే నడవడం హోదాకి తక్కువని ఆయన ఈ ఆట పెట్టించారు. మర్నాటికల్లా ఆఫీసులో నలభైమందికి చిన్నప్పట్నుంచీ ఈ ఆటంటే ప్రాణమని తేలింది!

నా దగ్గర నారింజ రంగు డ్రైవర్ ఒకటి ఉండేది. ఏడో బుట్టకి ముందు ఒక కుంట ఉంది. అందరి డిస్కులూ అందులో పడి మునిగేవి. నాది మాత్రం ఆ నీళ్ల మీదుగా తాపీగా వెళ్లి అవతలి గట్టు మీద వాలేది. అది నాకెలా వచ్చిందంటారా? మూడేళ్ల కిందట ఐదో బుట్ట వెనక పొదల్లో కనిపించింది. అడుగున ఎవరిదో పేరున్న స్టిక్కరు ఉంది. నేను చదవలేదు. ఇతరుల విషయాల్లో తలదూర్చడం నాకు చేతకాదు. దాని మీద నా పేరూ ఫోన్ నంబరూ ఉన్న స్టిక్కరు అంటించాను. అలాగే పొదల్లో వదిలేస్తే ఏ దొంగవెధవో ఎత్తుకుపోడూ? సంరక్షకుడన్నాక బాధ్యత ఉంటుంది.

ఒకసారి పెద్దసారు దాన్ని చూసి, "నాకూ అచ్చం ఇలాంటిదే ఉండేదయ్యా!" అన్నారు.

"మీ అభిరుచి చూసే కొనుక్కున్నాను సార్," అన్నాను. ఆయన పొంగిపోయారు.

అలాంటి డ్రైవర్ ఒక ఆదివారం నా చేతిలోంచి జారి, ఎప్పుడూ లేనిది, కుంట నడిమధ్యలో బుడుంగున మునిగిపోయింది! సోమవారం వరండాలో నిలబడి "నా డ్రైవర్ పోయింది" అని కళ్లు తుడుచుకుంటుంటే, మా జీపు డ్రైవర్ భుజాలు తడుముకుని, "నేనిక్కడే ఉన్నా కదా సార్," అన్నాడు.

నవ్వకండి. నా బాధ మీకు అర్థం కావాలంటే నా కుర్చీ చూడాలి. అప్పటికి పదేళ్లుగా నేను రెండు బీరువాల మధ్య, మరుగుదొడ్డి తలుపుకి ఎదురుగా కూర్చుంటున్నాను. లోపలికి వెళ్లేవాడు నా బల్ల మీద ఫైలు పెట్టి వెళ్తాడు. బయటికి వచ్చేవాడు తడిచేత్తో అది తీసుకుంటాడు. ఆ మధ్యే సూపరింటెండెంటు రిటైరయ్యాక కిటికీ ఉన్న గది ఖాళీ అయింది. దాని కోసం నేను పెట్టని అర్జీ లేదు. చివరికి పెద్దసారు తేల్చి చెప్పారు: "వచ్చే ఆదివారం పన్నుల ఆఫీసు వాళ్లతో జోడీ పోటీ. నువ్వూ నేనూ ఒక జోడీ. ఏడో బుట్ట దగ్గర కుంట దాటించు, ఆ గది నీది."

ఆరు రోజులు. చేతిలో డ్రైవర్ లేదు!

దుకాణానికి పరిగెత్తాను. దుకాణదారు గోడ నిండా డిస్కులు తగిలించాడు. ఒక్కో డిస్కు మీద నాలుగు అంకెలు.

"ఇది వేగం, ఇది తేలడం, ఇది మొదట్లో పక్కకి ఒరగడం, ఇది చివర్లో వెనక్కి తిరగడం సార్," అన్నాడు.

"తెలుసు తెలుసు," అన్నాను. ఏమీ తెలియదు.

"మీ పాతది ఎంత వేగం?"

"చాలా వేగం."

"అంకె సార్, అంకె."

దాని అడుగున అంకెలుండాల్సిన చోట స్టిక్కర్లుండేవి. "చేతిలో పట్టుకుంటే కాస్త బరువుగా, నమ్మకంగా ఉండేది," అన్నాను.

"నమ్మకానికి అంకె ఉండదు సార్," అన్నాడతను, మరో ఆసామీ వైపు తిరుగుతూ.

ఏడు రకాలు పరీక్షకని తెచ్చుకున్నాను. ఏడింటినీ ఇంట్లో హాల్లో నేల మీద వరసగా పరిచాను. పెరట్లో విసిరి చూస్తే ఎరుపుది మొండిగా ఎడమకే పోతోంది. నీలంది పైకి లేచి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, నా వెనకే పడుతోంది. తెల్లది బాగానే పోయింది గానీ పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు మీదికి పోయింది. పట్టిక గీశాను. ఏడు వరసలు, పదకొండు గడులు.

మా ఆవిడ ఆ డిస్కుల మధ్యలోంచి అడుగులు ఏరుకుంటూ వెళ్తూ, "ఏవండీ, నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు ఐదు నిమిషాల్లో సరే అన్నారు కదా! ప్లాస్టిక్ మూతకి ఇంత ఆలోచనా?" అంది.

"అప్పుడు పోల్చడానికి పట్టిక లేదు," అన్నాను. ఆ పూట కాఫీ నేనే పెట్టుకున్నాను.

కానీ ఆవిడ మాటల్లోనే నాకు కిటుకు దొరికింది. పోల్చడం! పాత డిస్కు పక్కన లేకుండా కొత్తవాటిని దేనితో పోలుస్తాం? ఆఫీసులో పాత కుర్చీ చూపించకుండా కొత్త కుర్చీ కొంటామా? వెంటనే నోటు రాశాను: "పోయిన డ్రైవర్ నమూనా అందుబాటులో లేనందున నూతన డ్రైవర్ ఎంపిక సాంకేతికంగా సాధ్యం కాకున్నది. కావున ఏడో బుట్ట వద్దగల కుంటలోని నీటిని తోడించుటకు అనుమతి కోరడమైనది." డిస్కు దొరికితే కొత్తది కొనే పనే లేదన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. సంతకం పెట్టిన ముగ్గురికీ తట్టలేదు. పెద్దసారు ఒక మెట్టు పైకెక్కి, "తోడిన డిస్కులన్నీ పోటీ రోజు ఉదయం, పన్నుల ఆఫీసు వారి సమక్షంలో, యజమానులకు అందజేయవలెను. మన నిజాయితీ వారికి తెలియవలెను," అని పక్కన రాశారు.

తోటమాలమ్మ మోటారు పెట్టి రెండు రోజుల్లో కుంట తోడేసింది. ఈవిడ గురించి చెప్పలేదు కదూ. పొద్దున్నే వచ్చి గడ్డి కోస్తుంది, పొదలు కత్తిరిస్తుంది, మేం పారేసుకున్న డిస్కులు ఏరి నా బల్ల మీద పెడుతుంది. తన ముందు ఎవరూ ఆట గురించి మాట్లాడరు. ఆవిడకేం తెలుస్తుందని మా అందరి నమ్మకం.

ఆదివారం వచ్చింది. షామియానా, మైకు, కుర్చీలు. బల్ల మీద బురద డిస్కులు పంతొమ్మిది. నేను లేచి నాగరికత మాట అందరికీ వినిపించాను. చప్పట్లు. తర్వాత మా పద్ధతి వివరించాను. అదీ నేను రాసిందే: డిస్కు అడుగున ఉన్న నంబరుకు సభలోనే ఫోన్ చేయాలి, ఎవరి ఫోన్ మోగితే డిస్కు వారిది. ఇందులో మోసానికి తావే లేదు! గొంతు పెద్దదని జీపు డ్రైవర్‌కి ఆ పని అప్పగించాం.

పద్దెనిమిది డిస్కులకి పద్దెనిమిది ఫోన్లు మోగాయి. చివరిది నారింజ రంగుది. అడుగున ఉన్న నంబరు చదివి నొక్కాడు. నా జేబు మోగింది. చప్పట్లు! పెద్దసారు నా భుజం తట్టారు. కిటికీ గదిలో బల్ల ఏ వైపు వేసుకోవాలో అప్పుడే ఆలోచించేశాను.

"ఉండండి సార్, బురదగా ఉంది, తుడిచిస్తాను," అని జీపు డ్రైవర్ గుడ్డతో ఒక్క రుద్దు రుద్దాడు.

ఆరు రోజులు నీళ్లలో నానిన స్టిక్కరు గుడ్డకి అంటుకుని వచ్చేసింది.

"సార్! కింద ఇంకో నంబరు ఉంది!" అన్నాడు మైకులో.

"అక్కర్లేదయ్యా, ఇటివ్వు," అన్నాను, చెయ్యి చాస్తూ.

"పద్ధతి కదా సార్," అని నొక్కేశాడు.

పెద్దసారు జేబు మోగింది.

చదవలేదని ఇందాక మీతో అన్నాను. చదివాను. మూడేళ్ల కిందట ఆ పొదల్లోనే చదివాను. పేరు, హోదా, పెద్ద అక్షరాల్లో. తిరిగి ఇద్దామని ఆయన గది దాకా వెళ్లాను కూడా. దారిలో ఒక్కసారి విసిరి చూశాను. అంతే, ఇవ్వబుద్ధి కాలేదు.

పన్నుల ఆఫీసు వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు కళ్లెర్రజేసి లేచి నిలబడ్డారు. "అంటే నా డిస్కుని నువ్వు..."

"సార్, ఇదీ ఊడిపోతోంది," అన్నాడు జీపు డ్రైవర్.

ఈసారి స్టిక్కరు లేదు. ప్లాస్టిక్ మీద మేకుతో గీసిన అంకెలు, వంకరటింకరగా, లోతుగా. పెద్దసారు ఠక్కున కూర్చుండిపోయారు. "ఇంక చాలు, ఆట మొదలెడదాం," అన్నారు. అప్పటికే జీపు డ్రైవర్ ఆ అంకెలు నొక్కేశాడు, ఎక్కడో ఫోన్ మోగడం మొదలైంది.

షామియానా చివర, మోటారు పైపు చుట్ట చుడుతున్న తోటమాలమ్మ నడుముకి కట్టుకున్న సంచిలో!

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. బుట్టలు పాతిన రోజున, గుంతలు తవ్విపెట్టినందుకు కాంట్రాక్టరు ఆవిడకిచ్చిన డిస్కట అది. మేమంతా ఇళ్లకి వెళ్లాక రోజూ ఆడుకునేదట. ఒకరోజు ఎనిమిదో బుట్ట దగ్గర పెట్టి, గడ్డి మోపు దించి వచ్చేసరికి లేదట. పెద్దసారు నేల చూపులు చూస్తున్నారు.

"నాలుగేళ్ల కింద మీ దగ్గరికొచ్చి చెప్పాను కదా సార్," అంది నాతో. "దరఖాస్తు రాయించుకున్నారు. ఇప్పుడు దొరికింది కాబట్టి నా కాగితం నాకిచ్చేయండి."

రాయించుకున్నాను. రెండు ప్రతులు. దాని మీద "వెదకుచున్నాము" అని నా చేతిరాత. మూడేళ్లు ఆ డిస్కుని చేత్తో పట్టుకుని విసురుతూనే, బీరువాలో ఆ కాగితం పెట్టుకుని వెదకుచునే ఉన్నాను. సిగ్గేసింది. నలుగురి ముందూ పరువు పోయినందుకు వేరే, ఆ కాగితం గుర్తొచ్చి వేరే. రెండోది ఎక్కువసేపు ఉంది.

ఆవిడ డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏడో బుట్ట వైపు ఒక్క విసురు విసిరింది. అది బురద కుంట దాటింది, అవతలి గట్టూ దాటింది, గొలుసుల్లో ఘల్లుమని పడింది. నోరెళ్లబెట్టాం.

ముందు తేరుకున్నది పెద్దసారే. "కుంటలో నీళ్లు లేవు కాబట్టి ఇది లెక్కలోకి రాదు," అన్నారు.

పోటీలో ఓడిపోయాం. ఎంత తేడాతో అన్నది ఇక్కడ అప్రస్తుతం.

సోమవారం పెద్దసారు పిలిచారు. తలుపు వేయమన్నారు.

"ఎవడో నా స్టిక్కరు దొంగిలించి ఆ డిస్కుకి అంటించాడయ్యా," అన్నారు.

"నాది కూడా సార్! ఏం రోజులొచ్చాయి!" అన్నాను.

"విచారణ జరగాలి."

"తప్పకుండా సార్."

విచారణాధికారిగా నన్నే వేశారు. స్టిక్కర్ల దొంగ దొరకలేదు. వెదకుచున్నాము. ఈలోగా నియమావళికి ఒక సవరణ రాసిచ్చాను: "డిస్కు అడుగున ఎన్ని పేర్లు ఉన్ననూ అన్నింటికన్నా పైనున్నదే చెల్లును. రుద్దుట, గీకుట, తుడుచుట నిషేధము." పెద్దసారు రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టి, "భాష మీద నీకున్న పట్టు చూస్తే ముచ్చటేస్తుంది," అన్నారు. సాయంత్రానికి కిటికీ గది నాకిస్తూ ఉత్తర్వు వచ్చింది.

కొత్త డ్రైవర్ ఎంపిక మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఏడింటినీ తీసుకుని తోటమాలమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒక్కోదాన్నీ చేతిలో తూచి, అంకెల వంక చూడకుండానే ఆకుపచ్చది నాకిచ్చింది.

"ఇది మీ చేతికి సరిపోతుంది సార్. కొనేముందు అడుగున ఒకసారి చూసుకోండి," అంది. నవ్వలేదు.

ఆ గదిలోకి మారి పదిహేను రోజులైంది. గాలి బాగా వస్తుంది, వెలుతురు బాగా వస్తుంది. అయితే, ఇన్నేళ్లు అర్జీలు పెడుతూ నేను గమనించని సంగతి ఒకటుంది. ఆ కిటికీ సరిగ్గా ఏడో బుట్ట ఎదురుగా తెరుచుకుంటుంది. కుంట మళ్లీ నిండింది. సాయంత్రం అందరూ వెళ్లాక నారింజ రంగు డిస్కు ఆ నీళ్ల మీదుగా తాపీగా వెళ్లి గొలుసుల్లో పడుతుంది. ఘల్లున వినిపిస్తుంది. ఫైలు మీద కలం ఆగిపోతుంది. పదేళ్లు మరుగుదొడ్డి తలుపు చూస్తూ నిక్షేపంగా పనిచేసుకున్నవాణ్ణి, ఈ కిటికీ వైపు తల తిప్పలేకపోతున్నాను.

పరదాలకి మూడు కొటేషన్లు పిలిచాను.