సరేగారి ఏప్రాను

ఆ ఉదయం సరేగారు చెయ్యదలచుకున్నది ఒకే ఒక్క పని. సోమవారం సెలవు అడగాలి. శనివారం భార్యకి కంటి ఆపరేషను, సోమవారం పొద్దున కట్టు విప్పుతారు. "విప్పగానే మీ ముఖమే కనబడాలండీ. అది ఎలా ఉన్నా ఫరవాలేదు," అంది ఆవిడ. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చే ముఖం కాబట్టి, చూపు బాగున్న రోజుల్లోనూ ఆవిడ దాన్ని సరిగా చూసింది లేదు.

సరేగారు అసలు పేరు కాదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఎవరేం చెప్పినా "సరేనండి" అనడం వల్ల దక్కిన బిరుదు. ఆదివారం రమ్మంటే సరేనండి, తింటున్నవాణ్ణి లెమ్మంటే సరేనండి. వారానికో రోజు సెలవివ్వాలని చట్టం ఉందని అక్కడ అందరూ విన్నారు గానీ ఆ సెలవుని కళ్ళతో చూసినవాళ్ళు లేరు.

సెలవడిగే మనిషి కాస్త శుభ్రంగా కనబడాలి కదా అని, సరేగారు అందరికంటే ముందొచ్చి, కొక్కేనికున్న తన ఏప్రాను తీసి దుప్పట్లతోపాటు మిషన్లో పడేశాడు. పైకెళ్ళి యజమాని గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొంప మునిగింది ఇక్కడే. ఊరందరి మురికీ వదిలించే ఆ లాండ్రీలో పనివాళ్ళ ఏప్రాన్లు ఉతకరు. ఎవరినైనా పనిలోంచి తీసేసినప్పుడు మాత్రం, తర్వాతివాడికి ఇవ్వడానికి, వాళ్ళ ఏప్రాను ఉతికిస్తారు. కొక్కెం ఖాళీ అయిందంటే మనిషి పని అయిపోయిందన్నమాటే. పాపం, కంగారులో అతనికి ఆ ఆనవాయితీ గుర్తు రాలేదు.

ఖాళీ కొక్కెం ముందుగా చూసింది ఇస్త్రీ అక్క. ఆవిడ ఈమధ్యే కార్మిక సంఘం సభలో గొడుగులు పంచుతారని వెళ్ళి, గొడుగు అందక, చట్టం నేర్చుకుని వచ్చింది.

"సరేగారిని తీసేశారా?" అని సూపర్‌వైజర్ని నిలదీసింది.

సూపర్‌వైజరుకి ఏమీ తెలియదు. తెలియదంటే పరువు పోతుంది. "తీసేస్తే కారణాలుంటాయి. అన్నీ నీకు చెప్పాలా?" అన్నాడు.

"నాకక్కర్లేదు, ఆయనకి చెప్పాలి. ముందు నోటీసివ్వాలి, ఆయన చెప్పుకునేది వినాలి. నోరెత్తని మనిషికే ఈ గతి పట్టిందంటే రేపు మనమెంతర్రా?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సరేగారి ఏప్రాను ఉన్నది కూడా సబ్బునీళ్ళతో సగంలోనే ఆగింది. వాళ్ళకి ధైర్యం ఎక్కువై ఆపలేదు. భయపడే ఓపిక అయిపోయి ఆపారు.

ఈలోగా యజమాని వచ్చి, సరేగారికి "తర్వాత" అని ఒక మాట పారేసి గదిలో కూర్చున్నాడు. వెనకే సూపర్‌వైజరు, గుమ్మం పక్కనున్న మనిషిని చూడకుండానే లోపలికి దూరాడు.

"సరేగారిని తీసేశారని కింద పనాపేశారండీ."

"ఎవరు తీసేశారు?"

"మీరు కాదా అండీ? మీరేననుకుని, కారణాలున్నాయని చెప్పేశానే."

"అయ్యా, నేను..." అన్నాడు సరేగారు గుమ్మంలోంచి.

"నువ్వాగవయ్యా. నీ గురించే మాట్లాడుతున్నాం," అన్నాడు యజమాని.

అంతలో కిందినుంచి ఇస్త్రీ అక్క గొంతు వినబడింది. లేబరాఫీసరుకి ఫోన్ చేస్తానంటోంది. యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఆఫీసరు వచ్చాడంటే ఏప్రానుతో ఆగడు, గడిచిన ఆదివారాలన్నీ తవ్వి పోస్తాడు. యజమాని లేచి, సరేగారి భుజం మీద చెయ్యేసి మెట్లు దింపాడు.

"తప్పంతా సూపర్‌వైజర్ది. అతన్ని ఈ క్షణం నుంచి తీసేస్తున్నా. ఇకమీదట పనివాళ్ళందరికీ సోమవారం సెలవు. కొత్త సూపర్‌వైజరు ఎవరో కాదు, మన సరేగారే."

"నాకూ నోటీసు..." అని పాత సూపర్‌వైజరు గొణిగాడు. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. అతని కోసం ఏ మిషనూ ఆగలేదు.

"నాకివన్నీ వద్దండీ. సోమవారం ఆసుపత్రిలో మా ఆవిడకి కంటి కట్టు విప్పుతారు, ఆ ఒక్కరోజు సెలవిస్తే చాలు," అన్నాడు సరేగారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురు చెబుతూ.

"చూశారా, ఎంత వినయమో," అన్నాడు యజమాని.

"సెలవు ఎలాగూ వచ్చింది కదన్నయ్యా," అని ఇస్త్రీ అక్క కళ్ళు తుడుచుకుంది.

అందరూ పనిలోకి వెళ్ళాక యజమాని చల్లగా చెప్పాడు. "ఆ సెలవు పనివాళ్ళకి. నువ్విప్పుడు అజమాయిషీ మనిషివి. చట్టంలో మనకి సెలవుల్లేవయ్యా. సోమవారం తాళాలు తీసి, హోటళ్ళ మూటలు నువ్వే దింపించుకోవాలి."

సరేగారు నోరు తెరిచాడు. కాదు అనే మాట కోసం లోపలంతా వెతుక్కున్నాడు. ఎప్పుడూ వాడింది కాదు, సమయానికి దొరకలేదు.

"సరేనండి," అన్నాడు.

సోమవారం పొద్దున లాండ్రీ అంతా కృతజ్ఞతతో ఆసుపత్రికి తరలింది. కట్టు విప్పగానే ఆవిడకి మొదట ఇస్త్రీ అక్క కనబడింది, వెనక మిగతావాళ్ళు. ఆవిడ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ చివరిదాకా వెళ్ళి కళ్ళు మూసుకుంది. వెలుతురు గుచ్చుకుంటోందా అని డాక్టరు అడిగితే లేదండి అంది.

ఆ వేళకి ఖాళీ లాండ్రీలో సరేగారు మూటల మధ్య ఒక్కడే కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. కొక్కేనికి అతని ఏప్రాను మల్లెపువ్వులా వేలాడుతోంది, ఆనవాయితీ ప్రకారం తర్వాతివాడి కోసం.